గజపతి జిల్లాలో కిడ్నీ రోగుల రిజిస్ట్రీ: ఎవరిని చేర్చాలి, ఏ వివరాలు రాయాలి?

కాశీనగర్ సేవ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. గోసాని, కాశీనగర్, గుమ్మ బ్లాకుల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఒక రిజిస్ట్రీ పెట్టాలని చూస్తున్నాం. సరిహద్దుకు అవతల ఉద్దానం (శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం) గురించి అందరూ మాట్లాడతారు. ఇటువైపు ఒడిశా ఊళ్లలోనూ షుగరూ బీపీ లేకుండానే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగినవాళ్లు ఉన్నారని ఆశా కార్యకర్తలు చెబుతున్నారు. అయితే ఎంతమంది, ఏ ఊరివాళ్లు, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నారు అన్నది ఎక్కడా ఒకచోట రాసి లేదు. కొందరు బరంపురం వెళతారు, కొందరు పలాస, ఇంకొందరు నేరుగా విశాఖ కేజీహెచ్. చీటీలన్నీ వాళ్ల ఇళ్లలో ప్లాస్టిక్ కవర్లలోనే ఉంటాయి.

ఇద్దరు ఫీల్డ్ వర్కర్లు, ఒక ల్యాప్‌టాప్, రెండు ట్యాబ్‌లు ఉన్నాయి. రక్తం తీసే టెక్నీషియన్ వారానికి రెండు రోజులు వస్తారు. ఎక్సెల్‌లో 94 కాలమ్‌ల ఫారం తయారైంది. మా సందేహాలు ఇవి:

ఒక్కసారి క్రియాటినిన్ 1.5 వస్తే రిజిస్ట్రీలో రాసేయొచ్చా? ఒకే మనిషికి పర్లాకిమిడి చీటీలో ఒక పేరు, పాతపట్నం చీటీలో మరో పేరు ఉంటే ఏం చేయాలి? ఎక్సెల్ సరిపోతుందా? తాగునీటి పరీక్ష కూడా దీనిలోనే కలపాలా?

బాహుదా రాసిన జవాబు:

ముందు ఒకటి తేల్చుకోండి. మీరు పెట్టేది ఆసుపత్రికి వచ్చినవాళ్ల రిజిస్ట్రీయా, మూడు బ్లాకుల జనాభా మొత్తానికి సంబంధించిన రిజిస్ట్రీయా? మొదటిదైతే ఎవరికి ఏ చికిత్స అందుతోంది, ఎవరు ఎంత వేగంగా క్షీణిస్తున్నారు అన్నది తెలుస్తుంది. ఊళ్లో నూటికి ఎంతమందికి జబ్బు ఉందన్నది మాత్రం దాని నుంచి రాదు. ఇండియన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ 2005లో మొదలుపెట్టిన జాతీయ రిజిస్ట్రీ కూడా ఆసుపత్రుల ఆధారంగా నడిచిందే. 2012లో వచ్చిన దాని నివేదికలో 52,273 మంది ఉన్నారు. డయాబెటిస్ వల్ల వచ్చినవి 31 శాతం, కారణం తేలనివి 16 శాతం. అంత పెద్ద లెక్క కూడా దేశంలో ఇంత శాతం మందికి జబ్బు ఉందని చెప్పలేదు, ఎందుకంటే కింద భాగించడానికి జనాభా లేదు. మీరు ఆశాల ద్వారా ఇంటింటికీ వెళ్లగలిగితేనే రెండోది పెట్టుకోండి. ఇద్దరు వర్కర్లతో మూడు బ్లాకులూ ఒకేసారి తిరగడం కుదరదు కాబట్టి ఒక పంచాయతీలో మొదలుపెట్టడం మేలు.

ఇక 1.5 సంగతి. ఒక్క పరీక్షతో ఎవరినీ ‘నిర్ధారణ’ కింద రాయవద్దు. కేడిగో (కిడ్నీ జబ్బులకు అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసే సంస్థ) నిర్వచనంలో కనీసం 3 నెలలు అన్నది ప్రాణం లాంటి మాట. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతున్నాయో చెప్పే అంచనా) 60 కన్నా తక్కువ ఉండటమో, మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి (ఏసీఆర్) గ్రాముకు 30 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ ఉండటమో, స్కానింగ్‌లో మార్పులో, ఏదో ఒకటి 3 నెలలకు పైగా నిలవాలి. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. వాంతులు విరేచనాలు, మలేరియా, పాము కాటు, ఎండలో పనిచేసి ఒళ్లు ఎండిపోవడం, నొప్పి మాత్రలు, ఇవన్నీ క్రియాటినిన్‌ను తాత్కాలికంగా పెంచుతాయి. గుమ్మ వైపు కొండ గ్రామాల్లో జ్వరాల కాలంలో తీసిన రక్తంతో రిజిస్ట్రీ నింపితే సగం పేర్లు తర్వాత తీసేయాల్సి రావచ్చు.

అందుకని స్థితి అనే కాలమ్‌లో మూడు మాటలు పెట్టండి: అనుమానం, నిర్ధారణ, తొలగింపు. మొదటి పరీక్ష నాడు అనుమానం. 90 రోజులు దాటాక రెండో పరీక్షలోనూ అదే కనిపిస్తే నిర్ధారణ. తేలిపోతే తొలగింపు. వరుస చెరిపేయకండి, ఎందుకు తీసేశారో కారణం రాయండి. పాత చీటీలో 3 నెలల కిందటి విలువ ఉంటే దాన్ని మొదటి పరీక్షగా తీసుకోవచ్చు, కాని చీటీ ఫోటో ఉండాలి.

మరో పెద్ద తప్పు క్రియాటినిన్‌నే హద్దుగా పెట్టుకోవడం. క్రియాటినిన్ నుంచి ఈజీఎఫ్ఆర్ కట్టే 2021 సీకేడీ-ఎపి సూత్రంతో లెక్క కడితే 45 ఏళ్ల మగవారికి 1.5 అంటే ఈజీఎఫ్ఆర్ సుమారు 58. అదే వయసు ఆడవారికి అదే 1.5 అంటే సుమారు 44. జీ1 నుంచి జీ5 దాకా ఉండే జబ్బు దశల్లో ఒకరు జీ3ఏ, మరొకరు ఇంకా ముదిరిన జీ3బీ. 1.5 దాటినవాళ్లనే తీసుకుంటే ఆడవాళ్లను ఆలస్యంగా పట్టుకుంటారు. ఫారంలో క్రియాటినిన్, లింగం, పుట్టిన సంవత్సరం, పరీక్ష తేదీ మాత్రం రాయించండి. ఈజీఎఫ్ఆర్ యంత్రం లెక్క కట్టాలి, వర్కర్ చేత్తో కట్టకూడదు. రేపు సూత్రం మారినా పాత విలువల నుంచి మళ్లీ కట్టుకోవచ్చు.

కారణం కాలమ్ గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ‘కారణం తెలియదు’ అన్న ఒకే గడి పెట్టారంటే మొత్తం ప్రయత్నం పోతుంది. వెతికి తేలనిది వేరు, అసలు వెతకనిది వేరు. రెండు గడులు ఉండాలి. వెతికి తేలనిది అని రాయాలంటే కనీసం ఇవి చూసి ఉండాలి: షుగర్ లేదు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 6.5 లోపు, మందులు లేకుండా బీపీ 160/100 లోపు, లేదా రెండు మందుల లోపలే 140/90 కంటే తక్కువ, పాము కాటు చరిత్ర లేదు, స్కానింగ్‌లో రాళ్లు, అడ్డంకి లేవు, నెఫ్రైటిస్ అని ఇంతకుముందు తేలలేదు. శ్రీలంక ఆరోగ్య శాఖ ఇలాంటి షరతులనే వాడింది. రక్తహీనత బాగా ఉన్నవాళ్లలో, సికిల్ సెల్ ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ నమ్మకంగా ఉండదు, వాళ్లకు పరగడుపు షుగర్ కూడా రాయండి.

బీపీ విషయంలో జాగ్రత్త. కిడ్నీ పాడయ్యాక బీపీ పెరగడం మామూలే. బీపీ ముందు వచ్చిందా, క్రియాటినిన్ ముందు పెరిగిందా అన్న తేదీలు లేకుండా ‘బీపీ వల్ల’ అని టిక్ పెట్టవద్దు.

ల్యాబ్ మేజ రాసిన జవాబు:

పైన బాహుదా గారు చెప్పిన 58, 44 లెక్కలన్నీ క్రియాటినిన్ సరిగ్గా ఉంటేనే. 45 ఏళ్ల మగవారిలో 1.2 అయితే ఈజీఎఫ్ఆర్ సుమారు 76, 1.4 అయితే సుమారు 63. అంటే 0.2 తేడాకు 13 పాయింట్లు. వయసు ఐదేళ్లు తప్పు రాసినా ఈజీఎఫ్ఆర్ మారేది 3 శాతమే. మీ శ్రమ ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టి చూసుకోండి.

మన చుట్టుపక్కల ల్యాబ్‌లలో ఎక్కువగా వాడేది జాఫే పద్ధతి, పిక్రేట్‌తో రంగు వచ్చేది. రక్తంలో గ్లూకోజ్, కీటోన్లు, కొన్ని సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్‌లు ఉంటే విలువ ఎక్కువగా చూపిస్తుంది. కామెర్లు ఉంటే తక్కువ చూపిస్తుంది. ఎంజైమ్ పద్ధతిలో ఈ ఇబ్బంది తక్కువ, కిట్ ఖరీదు ఎక్కువ. ఏదైనా సరే, కిట్ పెట్టెలో ఉన్న కాగితం మీద ఐడీఎంఎస్ (క్రియాటినిన్ కొలతకు అంతర్జాతీయంగా వాడే) ప్రమాణానికి ముడిపెట్టినది అని ఉందో లేదో చూడండి. లేకపోతే 2021 సూత్రం దానికి సరిపోదు. ఫారంలో ల్యాబ్ పేరు, పద్ధతి అన్న రెండు గడులు తప్పనిసరి. జనవరిలో పర్లాకిమిడిలో జాఫే, జులైలో విశాఖలో ఎంజైమ్ చేస్తే వచ్చిన తేడా జబ్బు తగ్గడం కాదు.

రక్తం తీసేది ఉదయం పరగడుపున. రాత్రి మాంసం కూర తిన్నా విలువ కాస్త పెరుగుతుంది. ఎర్రమూత ట్యూబులో తీసి అరగంట గడ్డకట్టనివ్వండి, 2 గంటల లోపు సీరం వేరు చేయండి. ఎండాకాలంలో ట్యూబులు జీపులో పెట్టుకుని మధ్యాహ్నం దాకా తిరగడమే ఎక్కువగా జరిగే నష్టం. కణాలతో కలిసి ఉన్నకొద్దీ జాఫే విలువ తప్పుగా పెరుగుతుంది, పొటాషియం అయితే అసలు పనికిరాదు. ఊళ్లోనే చిన్న సెంట్రిఫ్యూజ్ ఉంటే నిమిషానికి 3,000 చుట్ల వేగంతో 10 నిమిషాలు తిప్పి సీరం వేరు చేసి, ఐస్ పెట్టెలో తేవాలి. ఆ రోజు నడపలేకపోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వారం దాటేటట్టుంటే మైనస్ 20లో.

మూత్రం ఉదయం మొదటిసారి పోసినది. నెలసరి రోజుల్లో, జ్వరంలో, మూత్రంలో మంట ఉన్నప్పుడు, ముందు రోజు పొలంలో బరువు పని చేసినప్పుడు తీసుకోవద్దు. డిప్‌స్టిక్ మాత్రమే ఉంటే అదీ రాయండి, కాని ఏసీఆర్ గడిలో రాయకండి, విడిగా పెట్టండి. స్ట్రిప్ సీసా మూత తీసి ఉంచితే మన తీరపు తేమకు ప్యాడ్లు పాడవుతాయి. సీసా తెరిచిన తేదీ మీద రాసుకోవాలి. ఇంకో మాట: ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ప్రొటీన్ చాలా తక్కువ ఉండొచ్చు, అసలు ఉండకపోవచ్చు కూడా. స్ట్రిప్ నెగెటివ్ వచ్చింది కదా అని రక్తం తీయకుండా వదిలేస్తే మీరు వెతుకుతున్న మనుషులే జారిపోతారు.

రోజూ రెండు స్థాయిల కంట్రోల్ (విలువ ముందే తెలిసిన నమూనా) నడిపించమని, వెల్లూరు సీఎంసీ నడిపే బయటి నాణ్యత పరీక్షలో చేరమని మీ ల్యాబ్‌ను అడగండి. మొదటి నెలలో 20 నమూనాలను రెండుగా చేసి, వేరే నంబరుతో మళ్లీ పంపండి. తెలిసిపోతుంది.

గుణుపురం డేటా రాసిన జవాబు:

94 కాలమ్‌లు వద్దండి. ప్రతి కాలమ్‌కూ ఒక్క ప్రశ్న వేయండి: ఇది ఖాళీగా ఉంటే ఏ నిర్ణయం ఆగిపోతుంది? ఏదీ ఆగదు అంటే తీసేయండి. 30 దగ్గర ఆగితే ఇద్దరు వర్కర్లు నింపగలరు. మనిషికి ఒక్కసారి రాసేవి ఒక పట్టిక, ప్రతి రాకకూ రాసేవి ఇంకో పట్టిక. మీరు ఎక్సెల్‌లో క్రియాటినిన్1, క్రియాటినిన్2, క్రియాటినిన్3 అని పక్కపక్కన పెట్టి ఉంటారు, అందుకే 94 అయ్యాయి.

ఎక్సెల్‌తో ఇంకా పెద్ద చిక్కులు ఉన్నాయి. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు పొట్టి రూపంలోకి మారిపోతుంది. 03/04 అంటే మార్చి 4 అవుతుందో ఏప్రిల్ 3 అవుతుందో ల్యాప్‌టాప్ అమరిక మీద ఆధారపడుతుంది. ఒక్క కాలమ్‌ను సార్ట్ చేస్తే ఒకరి క్రియాటినిన్ మరొకరి పేరు పక్కకు పోతుంది, ఎవరు ఎప్పుడు మార్చారో జాడ ఉండదు. పరిశోధన వివరాలు దాచే రెడ్‌క్యాప్ సాఫ్ట్‌వేర్ లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితమే, కాని సంస్థ ఒప్పందం, సర్వర్ కావాలి. కాబట్టి ఒక వైద్య కళాశాలతో కలిస్తే దారి సులువు. అది కుదిరేదాకా ఫారాలు నింపే యాప్‌లు ఓడీకే లేదా కోబో వాడండి. రెండూ ట్యాబ్‌లో నెట్ లేకుండా పనిచేస్తాయి, గుమ్మ కొండల్లో అది కావాలి.

పేర్ల సంగతి సరిహద్దులో అన్నిటికన్నా కష్టం. తెలుగు చీటీలో ఇంటిపేరు ముందు, ఒడియా చీటీలో చివర. ఒడియా రాతలో మన ‘వ’ చాలాచోట్ల ‘బ’ అవుతుంది, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళితే వెంకటేష్ బెంకటేష్ అవుతాడు, వరహాలు బరహాలు. చాలా సాఫ్ట్‌వేర్‌లలో పేర్లను ఉచ్చారణబట్టి పోల్చడానికి ఉండే సౌండెక్స్ పద్ధతి మధ్యలో ఉన్న ‘వీ’నీ ‘బీ’నీ ఒకే సంఖ్యగా చూస్తుంది కాని మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది. వెంకటేష్‌కు వీ523, బెంకటేష్‌కు బీ523 వస్తాయి, కలవవు. పోల్చే ముందు మొదటి ‘వీ’ని ‘బీ’గా మార్చి, ఇంటిపేరును వేరే గడిలోకి తీసి, అప్పారావు లాంటి పేర్లలో ఖాళీలు తీసేయండి.

పేరు ఒక్కటే చూసి కలపవద్దు. లింగం, పుట్టిన సంవత్సరం ఐదేళ్లు అటూ ఇటూ, ఊరు, ఫోను, తండ్రి పేరు, వీటిలో మూడు కలిస్తే మనిషి చేత చూపించి నిర్ధారించుకోండి. ఆడవాళ్లకు భర్త పేరుతో పాటు తండ్రి పేరు, పుట్టిల్లు ఊరు కూడా అడగండి. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి కోడలిగా వచ్చినామె పాత చీటీ తండ్రి పేరుతో ఉంటుంది. పుట్టిల్లు గడికి రెండో ఉపయోగం: ఏ నీళ్లు ఎన్నేళ్లు తాగిందో దానితోనే తెలుస్తుంది.

ఊరి పేరు చేత్తో రాయించవద్దు. కేంద్రం లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ కోడ్ ఉంది, జాబితా నుంచి ఎంచుకునేలా పెట్టండి. రోగి నంబరులో మాత్రం ఊరి కోడ్, పుట్టిన సంవత్సరం కలపకండి. నంబరు చూస్తే మనిషి తెలిసిపోతాడు.

రేషన్ కార్డు ఏ రాష్ట్రానిది, ఉండేది ఏ రాష్ట్రంలో అన్నవి రెండు వేర్వేరు గడులు. ఆంధ్రలో డయాలిసిస్ రోగులకు పెన్షన్ ఉంది, పథకాలు వేరు, కాబట్టి చిరునామా అవసరాన్నిబట్టి మారుతుంది. కొరాపుట్ వైపు కొఠియా ఊళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్లు ఉన్నాయన్నది అందరికీ తెలిసిందే. వర్కర్ దాన్ని తప్పుగా చూడకూడదు, ఎవరికీ చెప్పకూడదు. అలా అయితేనే నిజం చెబుతారు. గత 12 నెలల్లో ఎన్ని నెలలు ఏ ఊళ్లో పడుకున్నారు అని అడగండి, దాన్నే నివాసంగా తీసుకోండి.

కాశీనగర్ సేవ:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఫారం మళ్లీ రాస్తున్నాం. ఇంకో రెండు. సవర వాళ్ల ఊళ్లలో అంగీకారం ఎలా తీసుకోవాలి? సూరత్‌కో హైదరాబాద్‌కో పనికి వెళ్లినవాళ్లను ఎలా కనిపెట్టుకుని ఉండాలి?

డయాలిసిస్ సిస్టర్ రాసిన జవాబు:

అంగీకారం చికిత్సకు వేరు, రిజిస్ట్రీకి వేరు, మిగిలిన రక్తం దాచి తర్వాత పరిశోధనకు వాడటానికి వేరు. మూడు చోట్ల మూడు సంతకాలు. ‘రిజిస్ట్రీలో చేరకపోయినా వైద్యం ఆగదు’ అన్న వాక్యం మొదట ఉండాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం చదవలేనివారి వేలిముద్రతో పాటు మీ బృందంలో లేని సాక్షి సంతకం కావాలి. సవర ఊళ్లలో తెలుగులోనో ఒడియాలోనో చదివి వినిపిస్తే తల ఊపుతారు, అది అంగీకారం కాదు. సవర మాట్లాడే ఆశా చేత చెప్పించి, ‘ఇప్పుడు మీకు ఏం అర్థమైందో చెప్పండి’ అని అడిగించండి. ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి పేరు రాయకముందే రావాలి. ఆధార్ నంబరు దాచవద్దు. పేరు, ఫోను ఉన్న పట్టికను జబ్బు వివరాల నుంచి విడిగా, తాళం వేసి ఉంచండి. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టాన్నీ దృష్టిలో పెట్టుకోండి.

ఊరి పేర్లతో లెక్కలు బయట పెట్టేటప్పుడు ఐదుగురి కన్నా తక్కువ ఉంటే అంకె చూపించకండి. ‘కిడ్నీ జబ్బు ఊరు’ అని పేరు పడితే ఆ ఊరి పిల్లలకు సంబంధాలు కుదరవు. ఈ బాధ ఉద్దానం వైపు ఉన్నదే, ఇటు మనం తేకూడదు.

వలస వెళ్లినవాళ్లకు మూడు ఫోన్లు: సొంతది, ఇంట్లోవాళ్లది, ఊళ్లోనే ఉండే మరొకరిది. గంజాం నుంచి సూరత్ వెళ్లేవాళ్లు పండక్కి వస్తారు, పరీక్ష తేదీని ఆ సెలవులకు ముడిపెట్టండి. జీ3 వాళ్లకు 6 నెలలకు, జీ4, జీ5 వాళ్లకు 3 నెలలకు ఒకసారి. 12 నెలలు ఏ కబురూ లేకపోతే ‘జాడ తెలియదు’ అని రాయండి, కాని దానికి ముందు ఇంటికి వెళ్లి చూడాలి. జాడ తెలియనివాళ్లలో చనిపోయినవాళ్లు కలిసిపోతే మీ రిజిస్ట్రీలో జబ్బు ఉన్నదానికన్నా మెత్తగా కనిపిస్తుంది. నెలకోసారి పంచాయతీ మరణాల నమోదుతో, ఆశా దగ్గర ఉన్న పేర్లతో సరిచూడండి. ఇంటి దగ్గర జరిగిన మరణాల్లో కారణం ‘గుండె ఆగి’ అని రాస్తారు, ఆ మాటను కారణంగా తీసుకోకుండా చివరి నెలలో ఒళ్లు వాచిందా, మూత్రం తగ్గిందా, ఆయాసం వచ్చిందా, డయాలిసిస్ మానేశారా అని అడిగి రాయండి.

డయాలిసిస్ మొదలైన తేదీ చాలామంది తప్పు రాస్తారు. తాత్కాలికంగా రెండుసార్లు చేసి మానేసినవాళ్లనూ కలిపేస్తారు. 90 రోజులు దాటి కొనసాగితేనే దీర్ఘకాలికం అనుకోండి, తేదీ మాత్రం మొదటి రోజుదే. వారానికి చేయాల్సినవి ఎన్ని, నిజంగా చేయించుకున్నవి ఎన్ని, రక్తం తీసే దారి మెడ గొట్టమా ఫిస్టులానా (చేతి రక్తనాళాలు కలిపి చేసినది), హెపటైటిస్ బీ, సీ ఫలితం, హిమోగ్లోబిన్. ఇంతకు మించి వద్దు. మానేసినవాళ్లకు మాత్రం కారణం తప్పకుండా రాయండి: బస్సు ఖర్చా, తోడు వచ్చే మనిషి లేకా, మంచం దొరకకా. పైవాళ్లకు చూపించి పని చేయించగలిగే కాలమ్ అదే.

బాహుదా:

నీళ్ల గురించి అడిగారు కదా. ఉద్దానంలో ఏళ్లుగా వెతుకుతున్నా కారణం ఇదీ అని తేలలేదు. సిలికా, భార లోహాలు, పురుగుమందులు, వేడి, నొప్పి మాత్రలు, అన్నీ చర్చలోనే ఉన్నాయి. కాబట్టి రిజిస్ట్రీలో నీటి పరీక్ష వద్దు, నీటి చరిత్ర కావాలి: బావి, బోరు, ఊట, పైపు, ఏది ఎన్నేళ్లు. ఊరి కోడ్ ఉంటే రేపు ఎవరైనా చేసిన నీటి పరీక్షను దానికి జోడించుకోవచ్చు. అలాగే పని: జీడితోట, వరి, ఇటుక బట్టీ, ఎండలో రోజుకు ఎన్ని గంటలు. నొప్పి మాత్రలు వారానికి ఎన్ని. మాత్ర పేరు చెప్పలేరు కాబట్టి ఖాళీ స్ట్రిప్ తెమ్మనండి.

అందరినీ పట్టుకున్నారా అన్నది తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. డయాలిసిస్ వాళ్లకే ఉదాహరణగా చెబుతాను. డయాలిసిస్ యూనిట్ జాబితాలో 60 మంది, ఆశాల జాబితాలో 80 మంది, రెండింటిలోనూ ఉన్నవాళ్లు 40 అనుకోండి. 60ని 80తో గుణించి 40తో భాగిస్తే 120. రెండు జాబితాలూ కలిపితే 100 మందే, అంటే 20 మంది ఎక్కడా లేరన్నమాట. యూనిట్‌కు వెళ్లేవాళ్లే ఆశాలకూ ఎక్కువగా తెలుస్తారు కాబట్టి నిజం 120 కన్నా ఎక్కువే ఉంటుంది.

గుణుపురం డేటా:

కొత్త ఫారం పెట్టేముందు ఒకటి చేయండి. ఇద్దరు వర్కర్లూ ఒకే 20 ఇళ్లకు, ఒకరికి తెలియకుండా ఒకరు, వారం తేడాతో వెళ్లి నింపాలి. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి కాలమ్ వారీగా ఎన్ని సరిపోయాయో చూడండి. నీటి చరిత్ర, మాత్రల సంఖ్య దగ్గర తేడాలు రావడం ఖాయం. అవి వచ్చిన ప్రశ్నలను తెలుగు, ఒడియా, సవర మూడింటిలోనూ తిరగరాశాకే 21వ ఇంటికి వెళ్లండి.